గడప లేని గుమ్మం

మా వీధిలో ఇళ్ళన్నీ కాలవ వైపు మొహం పెట్టుకుని కూర్చుంటాయి. వచ్చేవాళ్ళు మాత్రం వీపు వైపు నుంచి వస్తారు. పడవలు తిరిగే రోజుల్లో కాలవే రోడ్డు కాబట్టి అరుగులూ, స్తంభాలూ, నగిషీ తలుపులూ, సరంగులకి దారి తెలియడానికి దీపం పెట్టే గూళ్ళూ అన్నీ అటే కట్టుకున్నారు. ఆ తరవాత తారు రోడ్డు వచ్చింది. అది మా దొడ్ల వెనకనుంచి వచ్చింది. దాంతో ఒక్క ఏడాదిలో వీధి వీధంతటికీ దొడ్డి గుమ్మమే వీధి గుమ్మమైపోయింది. ఇప్పటికీ మా ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ముందు స్నానాలగది, తరవాత గిన్నెలు తోమే చప్టా, ఆపైన వంటిల్లు చూసుకుని, ఆఖర్న హాల్లోకి చేరతారు. దాచడానికి ఏమీ మిగలదు కాబట్టి మా వీధి సంబంధాలు నిలబడతాయని మా అత్తగారు సత్యనారాయణమ్మగారి సిద్ధాంతం.

దాచినవి ఎక్కడ దాచుకున్నామో మొన్న వేసవిలో తెలిసింది.

ఏటా ఏప్రిల్ నెల మధ్యలో మరమ్మతుల కోసం లాకుల దగ్గర తలుపులు దించి కాలవ కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లోనే నీళ్ళు. ఆ నెలన్నరా కాలవ మా గుట్టంతా బయటపెట్టేస్తుంది. చేతులు విరిగిన వినాయకులు, చెప్పులు, ఎవరో ఎవరిమీదో కోపంతో విసిరేసిన కుక్కర్ మూత, అన్నీ బురదలో కనిపిస్తాయి. అత్తగారు ఏ ఏటికాయేడు అరుగు చివర కూర్చుని, ఎప్పుడో రేవులో జారిపోయిన తన ఇత్తడి చెంబు కోసం కళ్ళు చిట్లించి చూస్తారు. ఆ చెంబు ఈపాటికి సముద్రంలో ఉంటుందంటే ఒప్పుకోరు.

మొన్న కాలవ కట్టేసిన మర్నాడే కొలతల టేపులతో మనుషులు వచ్చి మా అరుగుల మీద ఎర్ర రంగుతో గీతలు గీసిపోయారు. కాలవ గట్టు మీద నడకదారి వేస్తారట. రెయిలింగు, దీపాలు, బెంచీలు. నీళ్ళు వదిలేలోగా పని అయిపోవాలట.

"అరుగులు కొట్టేసి బెంచీలేస్తారా?" అని అడిగారు అత్తగారు.

"ఆయ్," అన్నాను నేను.

"బెంచీలు దేనికే?"

"కూర్చోడానికండి."

ఆవిడ తను కూర్చున్న అరుగుని ఓసారి చూసుకున్నారు. "మరి అరుగులు దేనికి కట్టేరనుకున్నారు వాళ్ళు?"

ఈ ప్రశ్నకి జవాబు వాళ్ళ కాయితాల్లో ఉండి ఉండదు.

మాకందరికీ పోయేది అరుగులే. వీరాయమ్మకి మాత్రం ముందుగది మొత్తం పోతుంది. మా ఇంటికి నాలుగో ఇల్లు ఆవిడది. రేవు మెట్లని ఆనుకుని కట్టిన ఇల్లు. ముందుగది తీసేస్తే వెనకాల మిగిలేది పొయ్యీ, పంపూ. మనిషికి డెబ్భై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు, కూతురు మస్కట్‌లో ఎవరింట్లోనో పని చేస్తుంది. మా ఇంట్లో ఆవిణ్ణి అందరం "వీరాయమ్మా, నువ్వు" అనే అంటాం. ఆవిడ మమ్మల్ని అమ్మగారూ, బాబుగారూ అంటుంది. ఆవిడ తెచ్చిన చేపలు మా ఇంట్లో వండుకుంటాం. ఆవిడింట్లో మంచినీళ్ళు మాత్రం మా వాళ్ళు తాగరు. ఎందుకని కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేను అడగలేదు. అడగకూడని వాటి పట్టిక ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, బి.ఏ. చదివినవాళ్ళకి అది తొందరగా అర్థమవుతుంది.

ఒక ఆశ ఉంది. వీధిలో ఏ కట్టడానికైనా చరిత్ర ఉందని తేలితే నడకదారిని అక్కడ కాస్త పక్కకి తిప్పుతారట. అది రాయడానికి విశాఖపట్నం నుంచి ఒక ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. పేరు సత్యప్రియ. ముప్పై ఏళ్ళుంటాయి, పెద్ద టోపీ, చెవి వెనక పెన్సిలు. ఆ ఎండలో పదిరోజులు మా వీధి గోడల్ని వేళ్ళతో తడుముతూ తిరిగింది.

మా ఇంటికి వచ్చిన రోజు మా ఆయన సూర్యారావుగారు దుకాణానికి వెళ్ళకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఆయనది కొబ్బరి వ్యాపారం. కానీ పరిచయమైన రెండో నిమిషంలో ఎవరికైనా చెప్పేది వ్యాపారం సంగతి కాదు.

"నేను పడవలో పుట్టేనండి. అరవై తొమ్మిది తుఫాను గాలిలో. మా అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, గోదారి నీళ్ళ మీద. రాసుకోండి కావలిస్తే."

మా వైపు పడవలో పుట్టడం ఒక పరువు. నలభై దాటిన పెద్దింటి మగవాళ్ళలో నలుగురైదుగురు ఆ మాట చెప్పుకుంటారు. పెళ్ళి విందుల్లో ఈయన ఆ కథ చెప్తుంటే నేను పప్పులోకి నెయ్యి వేసుకుంటూ, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో కూడా చెప్పగలను.

సత్యప్రియ మర్యాదగా నవ్వి మా ఇల్లంతా చూసింది. తన పుస్తకంలో మా ఇంటి పేరు ఎదురుగా ఒక మాట రాసింది. నేను కాఫీ ఇస్తూ తల వంచి చదివాను. 'సాధారణం.'

ముప్పై ఏళ్ళు తుడిచిన ఇల్లది. పైగా నాది హిస్టరీ మెయిన్. ఆ రెండూ కలిసి నా నోట్లోకి ఒక అబద్ధాన్ని తెచ్చి పెట్టాయి.

"ఆ ఇనప స్తంభాలు చూసేరా?" అన్నాను. "రంగూన్ నుంచి వచ్చేయి."

పెన్సిలు చెవి వెనక నుంచి కిందికి దిగింది. "రంగూనా?"

"మా ఆయన ముత్తాతగారు బియ్యం తీసుకెళ్ళి తిరిగొస్తూ తెచ్చేరట. ఓడలో కాకినాడ దాకా, అక్కణ్ణించి పడవ మీద. లాకు దగ్గర పడవ ఒరిగితే ఒక స్తంభం నీళ్ళలో పడిపోయిందట. అందుకే అయిదే ఉన్నాయి, చూడండి."

అయిదే ఎందుకున్నాయంటే తొంభై ఆరు తుఫానుకి కొబ్బరిచెట్టు పడి అయిదు టేకు స్తంభాలు విరిగాయి కాబట్టి. మండపేటలో మూతపడిన రైసుమిల్లు సామాను అమ్ముతుంటే మా మామగారు చవగ్గా కొనుక్కొచ్చారు. ఆ లారీకి నేనే కాఫీలు పెట్టాను. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "ఆయ్, రంగూనేనండి," అన్నారు. పడవలో పుట్టినవాడికి రంగూన్ ఒక దూరమా?

సాయంత్రానికి కథ వీధంతా పాకింది. మర్నాటి నుంచి ప్రతి ఇంటికీ ఒక రంగూన్ దొరికింది. ఒకరి తలుపు నర్సాపురం దొర బంగళాది, ఒకరి అద్దం ఫ్రెంచివాళ్ళది, మూడో ఇంటివాళ్ళ అరుగు మీద ఎవరో దొర కూర్చుని మజ్జిగ తాగి పచ్చిమిరపకాయకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాపం ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది. నేను వంటింట్లో ఒక్కదాన్నీ నవ్వుకున్నాను. వీధిని కాపాడుతున్నానని కూడా అనుకున్నాను, అది దాచను.

వీరాయమ్మ ఇంటికి సత్యప్రియకి తోడు నేనే వెళ్ళాను. ముప్పై ఏళ్ళలో ఆ గుమ్మం దాకా వెళ్ళడం అదే మొదలు. సత్యప్రియ టేపు పట్టి రెండుసార్లు కొలిచింది.

"వెడల్పు అయిదడుగుల మూడంగుళాలు. వీధిలో మిగతావన్నీ ఒక్క మనిషి పట్టే సన్న గుమ్మాలు కదండీ, ఇదేమిటి? గడప కూడా లేదు!"

గడప లేని ఇల్లని వీరాయమ్మ ఇంటిని వీధి ఎప్పుడూ దెప్పుతుంది. పసుపు రాయడానికి లేదు, ముగ్గు ఆపడానికి లేదు, లక్ష్మి ఎలా నిలుస్తుందని. ఆవిడకి మగపిల్లలు పుట్టకపోవడానికీ, కూతురు దేశం దాటడానికీ కారణం అదేనని అందరికీ తెలుసు.

"మంచం కోసమండి," అంది వీరాయమ్మ.

"ఏ మంచం?"

"నొప్పులొచ్చినోళ్ళ మంచమండి. కింద లంకల్లోంచి పడవ మీద ఆస్పత్రికి తీసుకొచ్చేవోరు కదండీ. ఆస్పత్రేమో లాకు దాటినాక. నీళ్ళు సమానమై లాకు తలుపులు తీసేదాకా పడవ ఆగుద్దండి. నొప్పులు ఆగవు కదండీ. అప్పుడు ఈ రేవుకి కట్టేసేవోరు. మాయత్తగారు అప్పాయమ్మగారు మంత్రసానండి. మంచం నలుగురూ నాలుగు కోళ్ళ కాడ పట్టుకుని, దింపకుండా తిన్నగా లోపలికి తెచ్చేసేవోరు. అటిద్దరు, ఇటిద్దరు. అంత వెడల్పు కావాలి కదండీ."

"మరి గడప?"

వీరాయమ్మ నేల వైపు చూసింది. గుమ్మం రెండు పక్కలా చెక్కలో రంపం కోత ఇంకా కనిపిస్తోంది, ఒకవైపు కాస్త వంకరగా.

"ముందు ఉండేదండి. ఒకసారి మోసేవోళ్ళలో ఒకాయన కాలికి తగిలి మంచం ఒరిగిపోయిందండి. తల్లి దక్కలేదు. మా మావగారు పడవలు కట్టే వడ్రంగండి. ఆ రాత్రి ఇంకా తెల్లారకుండానే రంపం తెచ్చి గడప కోసేసేరు. ఇంటికి అరిష్టంరా అని అందరూ అన్నారంట. అరిష్టం నా ఇంటికే కదా, రానీ అన్నారంట."

సత్యప్రియ రాయడం ఆపేసింది. "ఎంతమంది పుట్టి ఉంటారండీ ఇక్కడ?" అంది.

"లెక్కెట్టకూడదండి."

"పోనీ, ఎవరివైనా పేర్లు?"

"అయ్యబాబోయ్, చెప్పకూడదండి. పేరు బయటికి చెప్తే ఆ పిల్లల ఆయుష్షుకి మంచిది కాదని మాయత్తగారు నాచేత ఒట్టేయించుకున్నారు. నేను పద్నాలుగేళ్ళకి కాపరానికొచ్చేనండి. నీళ్ళు కాచింది నేనే. కాచిన నీళ్ళకి పేర్లుండవు అనేవోరు ఆవిడ."

సత్యప్రియ ఆ ఇంటికి రెండు పేజీలు రాసింది. 'సాధారణం' అన్న మాట అందులో లేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారూ నేనూ ఆవకాయకి మామిడిముక్కలు తుడుస్తూ కూర్చున్నాం. మాటల్లో, "వీరాయమ్మ గుమ్మం వెడల్పు అయిదడుగుల పైన ఉందండి అత్తయ్యగారూ," అన్నాను.

"పట్టాలి కదా మరి," అన్నారావిడ ముక్క మీదనుంచి చూపు తియ్యకుండా. "అటిద్దరూ ఇటిద్దరూ. తిన్నగా తీసికెళ్ళి దూలం కింద దింపుతారు. దూలానికి ఇనప కడియం, దానికి తాడు. ఎడం చేతికి అందేలా ఉంటుంది. నొప్పొచ్చినప్పుడల్లా అది పట్టుకోమంటారు."

కడియం గురించి వీరాయమ్మ మాకు చెప్పలేదు. మేం లోపలికి వెళ్ళనూ లేదు.

"మీరెప్పుడైనా ఆ ఇంట్లోకి వెళ్ళేరా?" అన్నాను.

గుడ్డ పట్టుకున్న చెయ్యి ముక్క మీద ఆగిపోయింది. యాభై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో చెప్పుకుంటున్న పడవ ఆ నిమిషంలో నా కళ్ళముందు లాకు దగ్గర ఆగి ఉంది. తలుపులు తీయలేదు.

"తడి ఉంటే బూజు పట్టిపోతుంది," అన్నారు అత్తగారు. "సరిగ్గా తుడువు."

నేను సరిగ్గా తుడిచాను. అలా ఆ అడగకూడని వాటి పట్టికలోకి ఇంకో మాట చేరింది.

మే నెల రెండోవారంలో విచారణకి భాస్కరరావుగారనే అధికారి వచ్చారు. చెడ్డమనిషి కాదు. ఎండలో తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి. చేతిలో సత్యప్రియ రాసిన రిపోర్టు, పక్కన సత్యప్రియ, వెనకాల వీధి వీధంతా. అత్తగారు అరుగు మీదే కూర్చున్నారు. మా ఆయన కొబ్బరి బొండాలు కొట్టించారు. బొండం తాగుతుండగానే అధికారిగారికి పడవ కథ కూడా అయిపోయింది.

తరవాత ఆయన స్తంభాల దగ్గరకి వచ్చారు. ఒకటి అరచేత్తో తట్టారు. కిందికి వంగి, జేబులోంచి బండి తాళంచెవి తీసి, మొదట్లో ఆకుపచ్చ రంగు గీకడం మొదలుపెట్టారు. రంగు ఎనిమిది పూతలుంటుంది. ఆయనకి ఓపిక ఉంది. ముందు ఒక అంకె బయటపడింది, తరవాత పోత పోసిన అక్షరాలు. మిల్లు పేరు, ఆ కింద మండపేట, 1953.

ఆయన లేచి నడుం సరిచేసుకున్నారు. "రంగూన్ మండపేటకి ఇంత దగ్గరని నాకు తెలీదమ్మా," అన్నారు.

వీధంతా నవ్వింది. ఫ్రెంచి అద్దంవాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు. సత్యప్రియ నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసి రిపోర్టు కాయితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

అక్కణ్ణించి ఆయన పేజీలు తొందరతొందరగా తిప్పుతూ నడిచారు. వీరాయమ్మ గుమ్మం ముందు ఆగేసరికి రెండు పేజీల్లో మొదటిది సగం చదివారు.

"ఇది మాత్రం నిజమండి," అంది సత్యప్రియ. "ఆ రంపం కోత చూడండి."

"కోత కోతే అమ్మా. ఎవరు, ఎప్పుడు, ఎందుకు కోసేరో దాని మీద రాసి లేదు. మండపేట అని రాసినదాన్నే మీరు రంగూన్ అని రాసేరు." ఆయన వీరాయమ్మ వైపు తిరిగారు. గొంతు మెత్తగానే ఉంది. "చూడమ్మా, నాకు కాయితం అక్కర్లేదు. ఇక్కడ పుట్టిన మనిషి ఒక్కడు చాలు. ఒక్కడొచ్చి నేను ఈ ఇంట్లో పుట్టేనండి అంటే నేను రాసుకుంటాను. ఒక్క పేరు చెప్పు."

మా ఆయన అక్కడే ఉన్నారు, వీరాయమ్మకి రెండు గజాల దూరంలో, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. వీరాయమ్మ అందరి మొహాలూ ఒక వరసలో చూసింది. ఆయన దగ్గరకి వచ్చేసరికి చూపు దాటించేసి పక్కమనిషి మీద పెట్టింది. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"చెప్పకూడదండి," అంది.

"ఆవిడ నిజమే చెప్తోందండీ," అన్నాను నేను.

భాస్కరరావుగారు నా వైపు తిరిగారు. "ఇదీ రంగూనేనా అమ్మగారూ?"

మళ్ళీ నవ్వులు. ఈసారి మా ఆయన కూడా నవ్వారు. నేను మా అరుగు వైపు చూశాను. అత్తగారు కాలవలోకి చూస్తున్నారు, చెంబు కోసం చూసినట్టు. పేరు నా నాలుక చివర ఉంది. రెండు గజాల దూరంలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంది. చెప్పినా నమ్మేవారు కాదని తరవాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నమ్మేవారేమో. అత్తగారు అక్కడే ఉన్నారు కదా, ఆవిణ్ణి అడిగి ఉండేవారు. అందుకే నోరు మూసుకున్నాను.

ఆయన కాయితం మీద రెండు మాటలు రాశారు. 'ఆధారం లేదు.' మా ఇంటికి రాసినవీ అవే రెండు మాటలు. రెండు ఇళ్ళకీ సమానంగా న్యాయం జరిగింది.

ఆ వారంలో సత్యప్రియకి ఫోను చేశాను. క్షమించమని అడిగాను. "మీరు మొదటి రోజే ఊరుకుని ఉంటే," అంది, "నేను ఆ ఒక్క ఇల్లే రాసిచ్చేదాన్నండి." కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొట్టేసే యంత్రం మే ఆఖరులో వచ్చింది. పొద్దున్నే అరుగులతో మొదలుపెట్టింది. మా అరుగు నాలుగు నిమిషాల్లో పోయింది. వీరాయమ్మ ముందురోజే తన పెట్టే, మంచం, దేవుడి పటాలూ ఆటోలో కూతురి పేర ఉన్న కాలనీ ఇంటికి పంపేసింది. తను మాత్రం రేవు మెట్ల మీద చీరకొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది, ఎవరి పడవో వస్తుందన్నట్టు.

ఇంట్లో అత్తగారు పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపలేదు. యంత్రం చప్పుడు రెండో ఇల్లు దాటి మూడో ఇంటికి వచ్చింది.

"సూరీ," అని పిలిచారు.

మా ఆయన చెయ్యి కడుక్కుంటున్నవారు వెనక్కి తిరిగారు. "ఏమ్మా?"

"వీరాయమ్మ ముందుగదిలో దూలానికి ఇనప కడియం ఉంటుంది. కొట్టేసేలోగా అడిగి పట్రా."

"ఏ దూలం? ఆ ఇంట్లో కడియం సంగతి నీకెందుకు?"

"ఎడం పక్క," అన్నారు అత్తగారు.

"ఎడం పక్కేంటమ్మా, నువ్వెప్పుడు చూసేవు?"

ఆవిడ తల ఎత్తి కొడుకుని చూశారు. "నేను చూడక ఇంకెవరు చూస్తారురా?"

పంపు కట్టెయ్యలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆయన అలాగే తడిచేత్తో, రోడ్డు గుమ్మం వైపు కాకుండా, పొద్దున్న అరుగు పోయాక గడియ పెట్టేసిన కాలవ గుమ్మం తీసుకుని బయటికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గరకి వెళ్ళాను. ఆయన యంత్రంవాడికి చెయ్యి ఎత్తి ఆపమన్నారు. వీరాయమ్మతో ఏదో అన్నారు. ఆవిడ లేవకుండానే తల ఊపింది. ఆ వెడల్పాటి గుమ్మంలోకి వెళ్తూ అలవాటుకొద్దీ గడప దాటినట్టు కాలు ఎత్తి వేశారు. అక్కడ గడప లేదు. అడుగు తప్పి, తూలి, చేత్తో ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

తెచ్చి తల్లి ముందు పెట్టారు. అరచెయ్యంత కడియం, తుప్పు పట్టి ఉంది. తాడు ఒరిసిన చోట మాత్రం నున్నగా అరిగిపోయి, వెండిలా ఉంది. అత్తగారు ఎడం చేత్తో దాన్ని ఒకసారి ముట్టుకున్నారు. తరవాత అన్నం కలుపుకున్నారు. బయట యంత్రం మళ్ళీ మొదలైంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ముగ్గురిలో ఎవరూ అనలేదు. ఎక్కువైంది.

జూన్‌లో నీళ్ళు వదిలారు. మొదటి నీళ్ళు ఎర్రగా, నురుగుతో, చెత్తంతా ముందుకి తోసుకుంటూ వచ్చాయి. రేవులో ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేశారు. బెంచీలు వేసేశారు. సిమెంటువి, పగలంతా కాలుతుంటాయి. వాటి మీద ఇంతవరకూ కూర్చున్నది కుక్కలే, అవీ సాయంత్రాలే.

ఆ నెల్లోనే కొత్తపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. విందులో ఎవరో, "మన సూర్యారావుగారు పడవలో పుట్టేరండోయ్, చెప్పండి బాబూ ఆ కథ," అన్నారు. నేను అలవాటుగా నెయ్యి గిన్నె అందుకున్నాను. ఆయన విస్తట్లోకి చూస్తూ, "అన్నం చల్లారిపోతోందండీ," అన్నారు. ఆ తరవాత ఆ కథ నేను మళ్ళీ వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు కాలనీ వైపు తిప్పారు. ఎందుకని నేను అడగలేదు. కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. అడుగుతూ వెళ్ళి పట్టుకున్నాం. ఎదర సన్నటి గుమ్మం, దానికి కొత్త గడప, పసుపు రాసి, బొట్లు పెట్టి.

"వీరాయమ్మగారూ," అన్నాను. నా నోటివెంట ఆ 'గారు' రావడం అదే మొదలు. లోపల్నుంచి వస్తున్న మనిషి ఆగి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవర్నో పిలిచాననుకుని.

కుడికాలి బొటనవేలికి గుడ్డకట్టు ఉంది.

"ఏమైంది?"

"గడపండి," అని నవ్వింది. "రోజుకోసారి తగుల్తుందండి. యాభై ఆరేళ్ళు కాలెత్తకుండా నడిచేను కదండీ. ఇప్పుడు కాలికి నేర్పాలంటే ఇంటాదా? రండి బాబుగారూ, లోపలికి రండి. అమ్మగారూ, రండి."

వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేసింది. తను నేల మీద కూర్చుంది. మా ఆయన, "కాసిని మంచినీళ్ళివ్వమ్మా," అన్నారు. ఆవిడ నా మొహం చూసింది. నేను గోడ మీద కేలండరు చూశాను. స్టీలు గ్లాసు రెండుసార్లు కడిగి తెచ్చింది. ఆయన ఆగకుండా తాగి గ్లాసు ఖాళీ చేశారు.

అప్పుడు జేబులోంచి కాయితం పొట్లం తీశారు. అందులో కడియం. తుప్పు గీకించి నూనె రాయించారు, నాకు తెలియకుండా.

"ఇది నీదమ్మా," అన్నారు. పొట్లం ఆవిడ వైపు చాపారు.

వీరాయమ్మ దాన్ని అందుకుని, అరిగిన చోట బొటనవేలితో రాసి చూసింది. మళ్ళీ పొట్లం కట్టి ఆయన చేతిలోనే పెట్టింది.

"మీ కాడే ఉంచుకోండి బాబుగారూ," అంది. "మీరు పడవలో పుట్టినోరు. పడవ కట్టుకోడానికి ఉంటుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో వెక్కిరింత ఏమైనా ఉందా అని వెతికాను. నేనైతే పెట్టి ఉండేదాన్ని. ఆవిడ మొహంలో లేదు. ఒట్టు నిలబెట్టుకుంటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

సాగనంపడానికి లేచి వచ్చింది. మళ్ళీ తగిలింది గడప. "చూసేరా!" అని నవ్వుతూ ఒంటికాలి మీద నిలబడి గోడ పట్టుకుంది.

స్కూటరు దగ్గర మా ఆయన తాళం పెట్టి తిప్పలేదు. నా వైపు చూడకుండా అడిగారు.

"విచారణ రోజుకి నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతారనుకున్నాను. దానికి జవాబు నెల రోజులుగా కుట్టుకుని, అంచులు సరిచేసుకుని దగ్గర పెట్టుకున్నాను. అత్తగారి పేరు, ఇంటి పరువు, నమ్మరన్న మాట, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన అడగలేదు.

"రంగూన్ గురించి ఎంత బాగా చెప్పేవే," అన్నారు.

స్కూటరు స్టార్టు చేశారు. నేను ఎక్కాను.